రెండేళ్ళు పడున్న చింత మొద్దులు, అయినా బాయిలర్ నిండా పొగే. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

నల్లపాడు_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఇది కాస్త పాతకాలం డౌట్, నవ్వుకుంటే నవ్వుకోండి గాని సమాధానం మాత్రం చెప్పండి. మాది గుంటూరు, నల్లపాడు వైపు సొంతిల్లు, వెనకాల కొంచెం దొడ్డి ఉంది. ఈ చలికాలం రాగానే మా నాన్నకి అటక మీద ఉన్న పాత రాగి బాయిలర్ మీద మనసు పోయింది. గీజర్ ఉందిగా నాన్నా అంటే "గీజర్ నీళ్ళకి ఒళ్ళు తేలికపడదురా, కట్టెల మీద కాగిన నీళ్ళ రుచే వేరు" అంటాడు. స్నానం నీళ్ళకి రుచేందో నాకు అర్థం కాలా, సరేలే పెద్దాయన ముచ్చట గదా అని దింపి, కారుతున్న చోట మాట్లు వేయించి, చింతపండు పెట్టి తోమితే మాత్రం బంగారంలా మెరిసింది, అంతవరకు బానే ఉంది.

కట్టెల సంగతి చెప్తా. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గదా, ఆ గాలికి మా ఊళ్ళో మా పొలం గట్టున ఉన్న పెద్ద చింతచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. అప్పుడే కోత మిషన్ పెట్టి మొద్దులుగా కోయించి గట్టు మీదే వదిలేశాం. కోసేటప్పుడు ఎప్పుడో మా తాత ఉయ్యాలకి దిగ్గొట్టిన ఇనప కొక్కెం తగిలి మిషన్ చైన్ పుటుక్కున తెగింది, దాని డబ్బులు కూడా మేమే కట్టాం, అదొక కథ. మొన్న ఆ మొద్దులన్నీ ట్రాక్టర్ మీద గుంటూరు తెచ్చాం. రెండేళ్ళు ఎండలో పడున్నయ్ గదా, గలగలా మండుతయ్ అనుకున్నాం.

మండితే గదా! పొగ, పొగ, ఒకటే పొగ. కట్టె చివర్లో బుసబుసా నురగ వస్తంది. కిరసనాయిలు దొరకట్లా కాబట్టి అమ్మ పాత నూనె పోస్తంది, నూనె ఉన్నంతసేపు మండి మళ్ళీ అదే ఏడుపు. నీళ్ళు కాగటానికి గంటన్నర. పక్కింటి ఆంటీ ఆరేసిన బట్టలన్నీ పొగ వాసన అని రెండుసార్లు గోడ మీంచి తొంగి చూసింది, మూడోసారి నోరు తెరిచిద్ది. పైగా గొడ్డలి వేస్తే మొద్దు మీంచి బంతిలా ఎగిరొస్తంది గాని దిగట్లా.

రెండేళ్ళు ఎండిన కర్ర ఎందుకు మండట్లేదు? చింతే పనికిరాని కర్రా? వీటిని వదిలేసి అడితిలో సరుగుడో తుమ్మో కొనుక్కోమంటారా?


అడితి_మేనల్లుడు (విజయవాడ):

బ్రదర్, చింత చచ్చినా పులుపు చావదన్నారు గాని, మీ కేసులో చింత చచ్చినా తడి చావలేదు, అంతే. కర్రలో లోపమేం లేదు.

మా మేనమామకి భవానీపురం వైపు కట్టెల అడితి ఉండేది, సెలవులకి పోతే మా పనంతా అక్కడే. అక్కడ ఫస్ట్ నేర్పేది ఒకటే, మొద్దు ఆరదు, చీలికే ఆరిద్ది. బెరడు చెట్టుకి రెయిన్‌కోటు లాంటిది, బయట నీళ్ళు లోపలికి పోనివ్వదు, లోపలివి బయటికి రానివ్వదు. కోసిన చివర్ల నుంచి కాస్త తొందరగా పోయిద్ది నీరు, అందుకే చివర్లో పగుళ్ళు కనపడి ఎండిందనుకుంటాం, మధ్యలో మాత్రం పచ్చి పచ్చిగానే ఉంటది. దానికి తోడు మీవి నేల మీద పడున్నయ్, రెండు వానాకాలాలు తడిసినయ్, కింద నుంచి చెమ్మ పీల్చినయ్. నురగ వస్తందన్నారే, అది లోపలి నీళ్ళు మరిగి చివర్ల నుంచి బయటికొస్తన్నయ్. మీరు బాయిలర్‌లో నీళ్ళతో పాటు కట్టెలో నీళ్ళు కూడా కాస్తన్నారు.

ఒక పని చేయండి, ఏదో ఒక మొద్దు ఎట్టాగోట్టా నిలువుగా చీల్చి ఆ లోపలి మొహాన్ని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. మా మామ ఇట్టాగే చూసేవాడు, బేరం చేసేటప్పుడు అడితి వాళ్ళందరూ రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి కూడా చూస్తారు. ఠంగ్ మంటే ఆరింది, దబ్ మంటే పచ్చి.

చీల్చటం గురించి. చింత నార మెలికలు తిరిగి ఉంటది, తుమ్మలాగా ఒక దెబ్బకి రెండు అవదు. గొడ్డలితో మధ్యలో కొట్టారంటే అది ఇరుక్కుపోద్ది, చేతులు నొప్పి తప్ప ఏం ఉండదు. అంచు నుంచి మొదలెట్టండి, చుట్టూ పెచ్చులు పెచ్చులుగా లేపుకుంటా లోపలికి రండి. లావువాటికి ఇనప చీలలు, అదే ఒక కొస పదునుగా ఉండే ఇనప దిమ్మలు, రెండు కావాలి, ఒకటి దిగ్గొట్టి పగులు వచ్చాక ఆ పగులు వెంట రెండోది, అప్పుడు మొదటిది దానంతటదే వదులైద్ది. ఒకే చీల ఉంటే అది లోపల ఇరుక్కుని మిమ్మల్ని చూసి నవ్విద్ది. కణుపులు ఉన్న ముక్కల జోలికి వెళ్ళొద్దు. అసలు కర్ర చాలావరకు పచ్చిగా ఉన్నప్పుడే సులువుగా చీలిద్ది, మీరు పడిన వారంలోనే చీల్చి ఉంటే ఈ గొడవ లేదు, అయిందేదో అయింది.

చీల్చినవి మణికట్టు లావు, జానెడు పొడుగు చేసి, కింద రెండు వరసలు ఇటుకలు పెట్టి వాటి మీద గాలాడేట్టు అడ్డంగా ఒక వరస నిలువుగా ఒక వరస పేర్చండి. పైన ఒక రేకు చాలు. టార్పాలిన్ నాలుగు పక్కలా కప్పి కట్టారంటే మళ్ళీ మొదటికొచ్చిద్ది. మన గుంటూరు ఎండకి ఫిబ్రవరి నుంచి మే దాకా నిలబెడితే వచ్చే చలికాలానికి చింత నిప్పులు ఎట్టా ఉంటయ్యో మీరే చూస్తారు. ఈ ఏడాదికి మాత్రం కొనుక్కోక తప్పదు.


పటమట_లెక్కల_మాస్టారు:

పై ఆయన చెప్పిందంతా కరెక్టే, నేను లెక్క చెప్తాను, ఆసక్తి లేనివాళ్ళు దాటేయొచ్చు.

చాలామంది అనుకునేది గట్టి కర్రలో వేడి ఎక్కువ అని. కేజీకి చూస్తే అట్టా ఏం ఉండదండీ, పూర్తిగా ఆరిన తర్వాత తుమ్మైనా చింతైనా మన కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్రైనా కేజీకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే. తేడా అంతా బరువులో. పొణికి ముక్క అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు, అందుకే బొమ్మలకి బాగుంటది, పొయ్యిలో పెడితే కాగితంలా భగ్గుమని అయిపోయిద్ది. అదే సైజు చింత ముక్కలో కర్ర రెండు మూడింతలు ఉంటది, కాబట్టి నిదానంగా మండి నిప్పులు నిలబడతయ్. బరువుకి కొనేవాడికి జాతి కంటే తడి ముఖ్యం, బండి లెక్కన కొనేవాడికి జాతి కూడా ముఖ్యం.

మీ ఇంట్లో నలుగురు అనుకుందాం. 40 లీటర్లు బాగా కాగితే చన్నీళ్ళు కలుపుకుని అందరికీ సరిపోతయ్. 22 డిగ్రీల నీళ్ళని 62కి తేవాలంటే 1600 కిలోకేలరీలు. ఆరిన కట్టె కేజీకి సుమారు 3500 నుంచి 4000 ఇస్తది, అందులో మూడో వంతు నీళ్ళలోకి ఎక్కినా కేజీంబావు, కేజీన్నర కట్టె చాలు. కరెంటులో 1 యూనిట్ అంటే 860 కిలోకేలరీలు, అంటే గీజర్‌కి రెండు యూనిట్లు. మీరు రోజుకి ఎన్ని కేజీలు కాలుస్తున్నారో తూచి చూడండి, అయిదారు కేజీలు ఉంటయ్ అని నా అనుమానం.

ఇంకొకటి. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. ఆ నీళ్ళు ఆవిరి చేయటానికి పోయే వేడి లెక్క కడితే నిజానికి మరీ ఎక్కువేం కాదు, మొత్తంలో ఏడో వంతు. మరి ఎందుకు మండదు అంటే, ఆ ఆవిరి మంటని చల్లార్చేస్తది. కర్ర నుంచి వచ్చే గ్యాసులు అంటుకోవాలంటే మంట బాగా వేడిగా ఉండాలి, చల్లబడితే అవి కాలకుండానే పొగై బయటికి పోతయ్. మీ పక్కింటి ఆంటీ బట్టల మీద ఉన్నది మీ కట్టెల్లో కాలకుండా పోయిన వేడేనండీ. నష్టం మీది, వాసన ఆవిడది.


తెనాలి_కోడలు:

లెక్కల మాస్టారూ, ఆ మూడో వంతు ఎక్కేది బాయిలర్ లోపల శుభ్రంగా ఉంటేనే 😀

మా అత్తగారింట్లో ఇప్పటికీ రోజూ బాయిలరే, పదకొండేళ్ళుగా దాని సేవ నాదే కాబట్టి నాలుగు ముక్కలు చెప్తా. బోరు నీళ్ళయితే లోపల సున్నం గారలా పేరుకుంటది, రాగికీ నీళ్ళకీ మధ్య అదొక గోడ. నిప్పు, పొగ పోయే మధ్య గొట్టం లోపల మసి ఇంకొక గోడ. మసి వారానికొకసారి గొట్టంలో తాటాకు మట్ట దూర్చి గీకేస్తే తేడా ఆ పూటే తెలిసిద్ది. మీది అటక మీంచి దింపారుగా, బయట తోమారు సరే, గొట్టం లోపల చూశారా? మా దాంట్లో ఒకసారి పిచ్చుక గూడు వచ్చింది. దారి మూసుకుంటే ఎంత ఎండు కట్టె అయినా పొగ వెనక్కే కొడతది.

అంటించటం కూడా ఉంది. లావు కట్టెలు కుక్కేసి నూనె పోయటం కాదు తమ్ముడూ. ముందు కొబ్బరి పీచు, దాని మీద చిదుగులు, మా వైపు పత్తి కంప కట్టలు కట్టలు ఉంటది అదైనా సరే, అది బాగా అందుకున్నాక వేలెడు లావు పుల్లలు, అవి నిప్పులయ్యాక చింతో తుమ్మో రెండంటే రెండు ముక్కలు. గాలికి కింద సందు ఉండాలి, నిన్నటి బూడిద తియ్యకుండా ఇవాళ అంటిస్తే నువ్వు పొయ్యి ముందు కూర్చుని ఏడవాల్సిందే. బాయిలర్‌లో నీళ్ళు పోసేదాకా అగ్గిపుల్ల గీయొద్దు, నీళ్ళు లేకుండా వేడెక్కితే నువ్వు వేయించిన మాట్లన్నీ ఊడొస్తయ్.

బూడిద గురించి నా అనుభవం. పెళ్ళైన కొత్తలో రాత్రి ఆరిపోయిందిలే అని పొద్దున్నే తీసిన బూడిద ప్లాస్టిక్ బకెట్‌లో ఎత్తి వసారాలో పెట్టా. తుమ్మ నిప్పు కణికలు బూడిద కింద రాత్రంతా బతికే ఉంటయ్యని నాకేం తెలుసు. గంట తర్వాత వచ్చి చూస్తే బకెట్ లేదు, గచ్చు మీద నీలం రంగు దోశ ఉంది. మా అత్తగారు ఏం అనలేదు గాని ఇప్పటికీ చుట్టాలొస్తే చెప్తది. ఇనప బాల్చీలో ఎత్తు, ఒకరోజు ఆగి మొక్కలకి వెయ్.

పెయింటు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు, పాత రైలు స్లీపర్లు దొరికాయని అస్సలు పెట్టొద్దు, ఆ పొగ మంచిది కాదు. గన్నేరు కొమ్మలు కూడా పొయ్యిలో పెట్టరు, చెట్టంతా విషమే గదా, పొగ కూడా అంతే.


మిషిగన్_గుంటూరోడు:

ఇక్కడ పొద్దున్నే మైనస్ పన్నెండు, కట్టెల పొయ్యి పక్కన కూర్చునే చదువుతున్నా ఈ థ్రెడ్, అందుకే రాయకుండా ఉండలేకపోయా 😅

మనకి అక్కడ కట్టెలు నీళ్ళకి, వంటకి. ఇక్కడ ఇల్లు వేడి చేసుకోవటానికి. హాల్లో ఇనప పొయ్యి, దాని గొట్టం కప్పు మీంచి బయటికి. వచ్చిన కొత్తలో నేనూ మీలాగే బోల్తా పడ్డా. ఓక్ కర్ర చాలా గట్టిది, రాత్రంతా మండిద్ది అంటే అక్టోబర్‌లో కొన్నా, అమ్మినాయన "ఎండినవే" అన్నాడు. ఇక్కడ కార్డ్ అని ఒక కొలత, 4 అడుగుల వెడల్పు 4 అడుగుల ఎత్తు 8 అడుగుల పొడుగు పేర్చిన కుప్ప, 128 ఘనపుటడుగులు. రెండు కార్డులు తీసుకున్నా, చలికాలమంతా బుసబుసలే. తర్వాత తెలిసింది, ఎర్ర ఓక్ అయితే చీల్చి పేర్చాక కూడా రెండేళ్ళు ఆగాలంట. గట్టి కర్రతో సుఖం కావాలంటే రెండేళ్ళ ముందే బుద్ధి ఉండాలి.

యాష్ అనే చెట్టు కర్ర మాత్రం తొందరగా ఆరిద్ది, అది మాకు బాగా దొరికిద్ది కూడా, కారణం బాధాకరం. ఆసియా నుంచి వచ్చిన ఒక పచ్చ పురుగు 2002లో మా డెట్రాయిట్ దగ్గర బయటపడింది, అప్పట్నుంచి లక్షలకి లక్షలు యాష్ చెట్లు చచ్చిపోయినయ్. కట్టెలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకుపోతే వాటితో పాటు పురుగు కూడా ప్రయాణం చేసిద్ది, అందుకని దూరం నుంచి కట్టెలు తేవద్దని బోర్డులు పెడతారు.

చెంప పరీక్ష సూపరు, మేం చిన్న మీటరు వాడతాం, రెండు మేకులు గుచ్చితే తేమ శాతం చూపిస్తది. 20 కంటే తక్కువ ఉండాలి. అయితే బయట గుచ్చితే అబద్ధం చెప్పిద్ది, అప్పటికప్పుడు చీల్చి లోపలి మొహం మీద గుచ్చాలి. తడి కట్టెలు కాలిస్తే గొట్టం లోపల నల్లటి జిగట తారులాగా పేరుకుంటది, ఒకరోజు అదే అంటుకుని గొట్టం గొట్టం మండిద్ది. ఏటా మనిషిని పిలిచి గీకిస్తాం.

అసలు నేను రాయాలనుకుంది ఇది. ఇక్కడ పొయ్యి ఉన్న ఇళ్ళల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటారు. మన ఇళ్ళల్లో చలికాలం బాలింత గదిలో తలుపులు, కిటికీలు బిగించి కుంపట్లో బొగ్గులు వేసి పెడతారు చూశారా, పొగ లేదుగా ఏం కాదులే అని. పొగ లేకపోవటమే ప్రమాదం. ఆ గ్యాసుకి రంగు ఉండదు, వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. మీ నాన్నగారి బాయిలర్ దొడ్లోనే ఉంచండి, బాత్రూం వేడిగా ఉంటదని లోపలికి మాత్రం మార్చొద్దు.


కొత్తపేట_బాబాయ్:

అందరూ కాల్చేదాని గురించే చెప్తన్నారు, అసలు సంగతి ఎవరూ అడగలా. అబ్బాయ్, మొదలు భాగం ఎంత లావుంది? మాంసం కొట్లో కత్తి పెట్టి కొట్టే మొద్దు చూశావా, అది చింతదే. నువ్వు గొడ్డలి దిగట్లేదని ఏడుస్తన్నావే ఆ మెలికల నార వల్లే అది ఎన్ని దెబ్బలు కొట్టినా పెచ్చులు లేవదు. చుట్టు బాగుండి పగుళ్ళు లేని ముక్కకి మంచి గిరాకీ. దాన్ని పొయ్యిలో పెట్టటమేందిరా నాయనా. కొక్కెం ఉన్న ముక్క మాత్రం పక్కన పెట్టు, కత్తి పోద్ది.

ఇంకోటి, కాలవగట్టు మీద, రోడ్డు పక్కన ఉన్న తుమ్మ కొట్టుకొస్తా అని ఎవరన్నా వస్తే తీసుకోకు, అవి మనయ్ కాదు, నీళ్ళు, భూమి, చెట్ల రక్షణకి 2002 వాల్టా చట్టం ఒకటుంది. సర్కారు తుమ్మ అయితే పొలాల వాళ్ళే కొట్టుకుపొమ్మంటారు, నిప్పులు అద్దిరిపోతయ్, బొగ్గులు చేసేది దాంతోనే. ముళ్ళు చూసుకో, చెప్పులోంచి దిగిద్ది.


నల్లపాడు_కుర్రోడు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. అందరికీ పేరు పేరునా థ్యాంక్స్.

చెంప పరీక్ష చేశా. చీలికలు లేపటానికి నాకూ మా బావకీ ఒక ఆదివారం పూర్తిగా పట్టింది, రెండు చీలలు పాత ఇనప సామాన్ల కొట్లో దొరికినయ్. లోపల ఎర్రగా చల్లగా, వేలు పెడితే చెమ్మ అంటుకుంది, రెండేళ్ళ కర్ర! ఒక ముక్క మీద సున్నంతో గీత పెట్టి కూరగాయల కాటా మీద తూస్తన్నా, మొదటి రోజు 3 కేజీల 200, నిన్న 2 కేజీల 550. ఇంకా తగ్గుతానే ఉంది. మాస్టారూ, మీ అనుమానం నిజమే, రోజుకి ఆరు కేజీలు కాల్చేవాళ్ళం. అప్పటిదాకా సరుగుడు తెచ్చాం, బాపట్ల వైపు తోటల్లోదంట, పచ్చిగా ఉన్నా కాస్త మండే కర్ర అది అని అడితి ఆయన అన్నాడు, ఇరవై అయిదు నిమిషాల్లో నీళ్ళు కాగుతన్నయ్.

తెనాలి అక్కా, గొట్టంలో పిచ్చుక గూడు లేదు గాని నా చిన్నప్పటి రబ్బరు బంతి ఉంది. సగం కరిగి అంటుకుపోయి ఉంది, ఆ పొగలో ఎంత భాగం బంతిదో ఎంత చింతదో ఇక తేలదు.

బాబాయ్, నువ్వు చెప్పినట్టే మొదలు భాగం రెండు ముక్కలు మాంసం కొట్టు ఆయనకి చూపించా. చేత్తో తట్టి, చుట్టూ తిరిగి, ఒకటి అప్పటికప్పుడు ఆటోలో వేసుకుపోయాడు. కోత మిషన్ చైన్‌కి కట్టిన డబ్బులు వచ్చేసినయ్, పైన ఒక కేజీ మటన్. రెండోది నాన్న ఇవ్వనివ్వలా, ఆయనకి పొయ్యి ముందు కూర్చోటానికి పీట కావాలంట.